పదిహేడో నంబరు ప్రతిపాదన

లేచి బయటికి రావడానికి అర నిమిషం కూడా పట్టలేదు గానీ, వచ్చాక ఎక్కడ కూర్చోవాలో వాసవీకుమారికి తెలియలేదు. గోపాలపురం దారిలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ప్రభుత్వ అతిథిగృహం వరండాలో నాలుగు కుర్చీలున్నాయి. మూడింటి మీద ఎవరెవరివో నమూనాల పెట్టెలు, సంచులు దర్జాగా కూర్చున్నాయి, నాలుగోదానికి ఒక కాలు పొట్టి. అరవై రెండేళ్ల మనిషి, ముప్ఫై మూడేళ్లు బరంపురంలో కాలేజీ పిల్లలకి రసాయనశాస్త్రం చెప్పిన మనిషి, రక్షణ పరిశోధనల కోసం వచ్చే ప్రతిపాదనలకి మార్కులు వేసే సంఘంలో ఐదో సభ్యురాలు, ఆ కుంటి కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. ఎదురుగా తలుపు మూసి ఉంది. ఆ తలుపు వెనక మిగతా నలుగురు సభ్యుల ముందు నిలబడి పదిహేడో నంబరు ప్రతిపాదన వినిపిస్తున్నది తన అన్న కూతురు ఇంద్రజ. ఆ సంగతి వాసవికి పది నిమిషాల కిందటి దాకా తెలియదు. ఈ పనిలో కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే. చదివేటప్పుడు నంబరే, మార్కులు వేసేటప్పుడు నంబరే, అందరి మార్కులూ తెర మీద పడ్డాక, మనిషిని లోపలికి పిలిచే ముందు మాత్రమే కవరు విప్పి పేరు చదువుతారు. పొట్నూరు ఇంద్రజ, బరంపురం, అని చదివారు. పొట్నూరు అనగానే పుట్టింటి ఇంటిపేరు కదా అని ఒక చెవి నిక్కబొడుచుకుంది, ఇంద్రజ అనేసరికి రెండో చెవి కూడా లేచింది, ఆ తరవాత ఆవిడ కూడా లేచింది.

ఈ అమ్మాయి మా అన్నయ్య కూతురు, నేను తప్పుకుంటున్నాను, అంది ఇంగ్లీషులో. గొంతు వణకలేదు, అది మాత్రం బాగుంది. అధ్యక్షుడు పూర్ణచంద్ర గారు కళ్లజోడు పైనుంచి ఒకసారి చూశారు. పాతికేళ్లు క్షిపణుల మధ్య తిరిగి రిటైరైన శాస్త్రవేత్త, మాట తక్కువ, నియమం ఎక్కువ. ఆయన తల పంకించి, మేడమ్ వేసిన మార్కులూ రాసిన అభ్యంతరాలూ రెండూ కొట్టేయండి, ఇక ఈ నంబరు తేలేదాకా వారు ఎవరితోనూ ఈ విషయం మాట్లాడకూడదు, అని కార్యదర్శితో రాయించారు. వాసవి చూస్తుండగానే తెర మీద ఐదో గడి తెల్లబడింది. డెబ్బై నాలుగు, డెబ్బై రెండు, డెబ్బై, అరవై ఎనిమిది, వీటి పక్కన తనది యాభై నాలుగు ఉండేది. మనిషి మాట విన్నాక మార్కులు మార్చుకోవచ్చు, చివరికి గట్టెక్కాలంటే సగటు డెబ్బై దాటాలి. తన యాభై నాలుగుతో సగటు అరవై ఏడు దగ్గర చతికిలబడి ఉంది, అది పోగానే డెబ్బై ఒకటికి లేచి కూర్చుంది. లెక్కల్లో ఎప్పుడూ తడబడని బుర్ర, ఇది కూడా తలుపు దాటేలోగానే లెక్కగట్టి చెప్పేసింది. నీతిగా లేచి వచ్చాననుకుంటే, ఆ లేవడమే మేనకోడలికి సాయమై కూర్చుంది. నోరు మూసుకుని అక్కడే ఉండి ఉంటే పెళ్లి తరవాత మారిన తన ఇంటిపేరు చూసి ఎవరికీ చుట్టరికం తెలిసేది కాదు, తన తక్కువ మార్కే పిల్లని ఆపేసేది, ఎవరూ ఒక మాట అనేవారు కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అలాంటప్పుడు మనిషి కదలకుండా ఉండాలి గాని ఈవిడ లేచి నడిచింది.

శ్రావణం వాన రాత్రంతా కురిసి ఆగింది. వరండా గోడ మీద సున్నం బుడిపెలు కట్టి ఉంది, కింద సగం నల్లటి బూజు. మార్కులేసే వాళ్లకి కాస్త సముద్రపు తేమ తగలాలనే కాబోలు ఈసారి సమావేశం ఇక్కడ పెట్టారు. పదిహేడో నంబరు కథ కూడా బూజు కథే. తీరం వెంబడి కాపలా స్థావరాల్లో దుర్భిణులు, రాత్రిపూట చూసే పరికరాలు ఉంటాయి, వాటి లోపలి అద్దాలకి బూజు పడుతుంది, ఒకసారి పట్టిందంటే ఆ అద్దం పనికిరాదు. వాటిని దాచే పెట్టెల్లో తేమ పీల్చుకునే పొట్లాలు పెడతారు. అవి బయటి దేశాల నుంచి వస్తాయి, ఒకసారి తడిస్తే పారేయడమే. మన దగ్గరి పదార్థంతో, ఎండబెట్టి మళ్లీ మళ్లీ వాడుకునే పొట్లం ఎవరైనా తయారు చేయగలరా అని సర్కారు అడిగింది. దానికి పదిహేడో నంబరు ఇచ్చిన జవాబు, వరి ఊక బూడిద. ఊకని పద్ధతిగా కాల్చి, కడిగి, అందులోంచి తెల్లటి పొడి తీసి, దాన్ని పొట్లం కట్టడం. వాసవి ఆ కాగితాలు మూడు వారాలు చదివింది, భోజనాల బల్ల మీద పరుచుకుని, ఎవరైనా వస్తే బల్లగుడ్డ కిందికి తోసేసి. చక్కటి రాత. ఎక్కడా డాంబికం లేదు, ప్రపంచంలోనే మొట్టమొదటిసారి అనే మాట ఒక్కచోట కూడా లేదు. మిగతావాళ్లెవరూ ఆ మాట లేనిదే పేజీ తిప్పలేదు.

ఏటి సెప్మా, అనుకుంది తనలో తనే, పుట్టింటి యాస నాలిక మీదికి వచ్చేసి. పోయిన శుక్రవారం ఇంద్రజ ఇంటికి వచ్చింది. ఇద్దరివీ బరంపురంలోని గోసాని నువాగాం పేటలో రెండు వీధుల అవతల ఇళ్లు, ప్రతి శుక్రవారం కలిసి తింటారు. పనసగింజల పులుసు చేసింది తను. పిల్ల రెండోసారి వడ్డించుకుంది, అత్తా ఏటి అలా ఉన్నావు, నీరసమా, అని అడిగింది, కాదులే, కళ్లు లాగుతున్నాయి, అంది తను. కళ్లు లాగుతున్నది ఆ పిల్ల రాసిన కాగితాలు చదివీ చదివీ. పని ఎలా ఉందే, అని తను అడిగితే, ఏదో ఉంది, అంది అది. బల్లగుడ్డ కింద దాని ప్రతిపాదన, బల్లగుడ్డ పైన దాని కంచం. సంతకం పెట్టి ఇచ్చిన మాట కదా, దరఖాస్తు సంగతి బయటపెట్టనని అది పెట్టింది, సంఘంలో ఉన్న సంగతి బయటపెట్టనని తను పెట్టింది, ఇంకెవరైనా అయితే సొంత అత్త దగ్గరా సొంత మేనకోడలి దగ్గరా ఒక ముక్క జారిపోయేది. ఈ ఇంట్లో జారదు. కొట్టు మాట ఇంటికి రాకూడదు, ఇంటి మాట కొట్టుకి పోకూడదు అని పెంచారు. నోటికి ఇంత గట్టి తాళం వేసుకోకుండా ఉంటే, ఆ శుక్రవారమే విషయం తెలిసి, తను ముందే ఉత్తరం రాసి తప్పుకుని ఉండేది, ఇంకెవరినో ఐదో కుర్చీలో కూర్చోబెట్టేవారు, ఇప్పుడు ఇలా నడిమధ్యలో లేచి రావాల్సిన పని ఉండేది కాదు. ఇలాంటి పొరపాటు చేయాలంటే పొట్నూరు వాళ్లే చేయాలి.

నాన్న ఉంటే నవ్వేవాడు. అప్పయ్య సావుకారు, గోసాని నువాగాంలో అప్పడాల టోకు వ్యాపారి, పొడవాటి మనిషి, బనీను మీద కండువా, వేళ్ల సందుల్లో ఎప్పుడూ మినప్పిండి. బరంపురంలో అప్పడాలమ్మే కొట్లు చాలా ఉండేవి, అన్ని చోట్లా కట్టలో పైన మంచి అప్పడం పెట్టి కింద విరిగినవి సర్దేవారు. పళ్ల బండి వాడి దగ్గర్నుంచి అందరూ చేసేదే. అప్పయ్య కొట్టులో మాత్రం విరిగింది పైన. బీటపడ్డ అప్పడం ఉంటే అది అన్నిటికంటే పైన పెట్టి దారం కట్టేవారు, కొనేవాడి కన్ను ముందు దాని మీద పడాలని. కొత్తగా వచ్చిన పనివాళ్లకి ఇది వెర్రిలా కనపడేది. దేనికి నాన్నా ఇలాగ, అని తను అడిగింది, ఏడో ఎనిమిదో ఏళ్లప్పుడు, కట్టలు కట్టడానికి కూర్చుని. ఏటంటే తల్లీ, అన్నాడు, ఆడు ఇంటికెల్లి విప్పి సూసుకున్నప్పుడు ఏటనుకుంటాడో మనకి ఇనపడదు గదా, అందుకే ఆడు ఇక్కడున్నప్పుడే మన ముందే అనిపించీయాలి. అంతే చెప్పాడు, మళ్లీ పనిలో పడ్డాడు. ఒకసారి గోపాలపురం వైపు నుంచి మిలిటరీ వాళ్ల వంటాయన వచ్చి ఇరవై కట్టలు కావాలంటే, వానాకాలంలో చేసినవి ఇవి, కొండల మీదికి పట్టుకెళితే నిలవ ఉండవు, రెండు కట్టలే పట్టుకెళ్లు, అని పంపేశాడు. అమ్మ వారం రోజులు ఆ పద్దెనిమిది కట్టల గురించే మాట్లాడింది. ఆ వంటాయన మాత్రం తరవాత ఏడేళ్లు ఈ కొట్టుకే వచ్చాడు, ఎక్కడికి బదిలీ అయినా అక్కడి నుంచి ఉత్తరం రాసేవాడు.

ఆ అప్పడాల డబ్బాల అడుగునే ఊక బూడిద. పాత్రపూర్ మిల్లుల నుంచి ఊక తెచ్చి, కాల్చి, బూడిద జల్లించి గుడ్డమూటలు కట్టి డబ్బా అడుగున పెట్టేవారు, అప్పడం మెత్తబడకుండా. పొయ్యి పక్కన మూటలు ఎండబెట్టి మళ్లీ మళ్లీ వాడేవారు. అది సైన్సని ఎవరికీ తెలియదు, తను బీయస్సీ రెండో ఏడాదిలో పుస్తకంలో చదివి, అప్పడాల అప్పయ్య కూతురని క్లాసులో నవ్వినవాళ్ల ముందు లేచి నిలబడి చెప్పింది, మా కొట్టులో ఇది నా పుట్టుక ముందు నుంచీ ఉంది అని. ఆ రోజు లేచిన తల మళ్లీ ఎవరి ముందూ దించలేదు. మరి పదిహేడో నంబరు కాగితాల్లో ఊక బూడిద అన్న మాట చూడగానే అనుమానం రాలేదా? కుంటి కుర్చీలో వాసవి తనని తానే బోనులో నిలబెట్టుకుని అడిగింది. వచ్చింది. రెప్పపాటు కాలం వచ్చింది. ఇందూ ఏదో ప్యాకింగ్ కంపెనీలో కదా చేస్తోంది అని ఒక ఆలోచన తొంగి చూస్తే, ఊక బూడిద ఎవరబ్బ సొమ్ము, దేశంలో ప్రతి మూడో కాలేజీ దాని మీద పనిచేస్తోంది అని తలుపు వేసేసింది. అది నిజమే. కానీ వేసిన తలుపు కాస్త గట్టిగానే వేసింది. మన వాళ్లదేమో అన్న భయంతో మార్కులు ఇంకా బిగించిందా? లేదు. మార్కులు తగ్గించింది గంజాం.

గంజాం ఊళ్లో నాన్నకి ఒక చిన్న కొట్టు ఉండేది కొన్నాళ్లు, ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో. తొమ్మిదేళ్లప్పుడు నాన్నతో బస్సులో వెళ్లింది, కిటికీలోంచి మొగలి పొదల వాసన, వంతెన దాటగానే ఎండుచేపల వాసన, ఆ తరవాత ఫ్యాక్టరీ గొట్టం వాసన, మూడు వాసనలు దాటితే నాన్న కొట్టు. బరంపురంలో మూడు నెలలు కరకరలాడే అప్పడాలు అక్కడ మూడు వారాలకే జావకారిపోయేవి. మూటలు ఎన్నిసార్లు ఎండబెట్టినా లాభం లేకపోయింది. ఎండబెట్టిన కొద్దీ ఇంకా పనికిరాకుండా పోయేవి. నాన్న ఒక మూట విప్పి, బూడిద నాలిక మీద వేసుకుని చూశాడు. ఉప్పు, అన్నాడు. తన నాలిక మీద కూడా చిటికెడు వేశాడు. గంజాం గాలికి బూడిద సచ్చిపోతాది తల్లీ, దీనికి మనకాడ మందు లేదు, అని ఆ ఏడే ఆ కొట్టు మూసేశాడు. మందు లేదని ఒప్పుకోవడానికి ఆయనకి ఒక చిటికెడు చాలింది. ఉప్పు గాలిలోంచి వచ్చి ఆ పొడిలోని కంటికి కనపడనంత సన్నటి రంధ్రాల్లో చేరుతుంది, వేడి చేసిన ప్రతిసారీ కొన్ని రంధ్రాలు మూసుకుపోతాయి. ఇది తను పెద్దయ్యాక నేర్చుకుంది గానీ రుచి మాత్రం అప్పటిదే.

పదిహేడో నంబరు కాగితాల్లో ప్రయోగశాల పెట్టెలో చేసిన పరీక్షలున్నాయి, తేమ ఎంత, వేడి ఎంత, ఎన్నిసార్లు, అన్నీ ఉన్నాయి, ఉప్పు గాలి లేదు. సముద్రం ఒడ్డున వాడే వస్తువుకి సముద్రపు గాలి పరీక్ష లేదు. చదివేవాళ్లలో మిగతా నలుగురూ పెద్దవాళ్లే, ఒకరిది ఎడారి పరికరాలు, ఒకరిది మంచుకొండల గుడారాలు, పూర్ణచంద్ర గారిది ఆకాశం. ఎవరి నాలిక మీదా గంజాం బూడిద పడలేదు. అందుకే వాళ్లకి డెబ్బైలు వచ్చాయి, తనకి నలభై ఎనిమిది వచ్చింది. రాత చక్కగా ఉందే, ఎవరో కష్టపడ్డారే అని జాలేసి, నలభై ఎనిమిది కొట్టేసి యాభై నాలుగు చేసింది. అభ్యంతరాల కాగితంలో ఒకటిన్నర పేజీ ఉప్పు గురించే రాసింది. ఇప్పుడు ఆ ఒకటిన్నర పేజీ కూడా తనతోపాటే బయటికి వచ్చేసింది. లోపల ఉప్పన్న మాట తెలిసే వీలున్న మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషి మార్కులు అడుగుతోంది. తెలుసా అసలు దానికి? తెలియకపోతే అజ్ఞానం, తెలిసి చెప్పకపోతే ఇంకొకటి. డెబ్బై ఒకటితో గట్టెక్కి, కంపెనీ వాళ్లు పూలదండలు వేసి, రెండేళ్ల తరవాత ఏ దీవిలోనో ఏ కొండకొమ్మునో ఒక సైనికుడు చీకట్లో సముద్రం మీదికి దుర్భిణి ఎత్తి చూస్తే, బూజు. అతను అద్దం తుడుస్తాడు, మళ్లీ చూస్తాడు. తుడిస్తే పోయే బూజు కాదది.

"మేడమ్, ఏటి బయటికొచ్చీసేరు? లోపల ఏసీ సాల్లేదా?" అతిథిగృహం చూసుకునే మసేను ఎదురుగా నిలబడ్డాడు, చేతిలో ఖాళీ గ్లాసుల పళ్లెం. యాభై ఏళ్ల మనిషి, తెలుగూ ఒడియా ఒకే ఊపిరిలో మాట్లాడతాడు.

"ఏసీ బాగానే ఉంది మసేను. నాకే ఇక్కడ బాగుంది."

"ఆజ్ఞా, అలాగే, టీ తెస్తాను. అల్లం ఏయమంటారా?" అని, వెళ్లబోతూ ఆగి, తలుపు వైపు గెడ్డం చూపించాడు. "ఇప్పుడు లోపలికెల్లిన పాప ఉంది సూడండి, పొద్దున్న ఏడింటికే ఒచ్చీసింది. అటేపు గదిలో కూకోబెట్టేను. పెట్టె కింద ఎట్టదు, ఒళ్లో ఎట్టుకునే కూకుంది. రెండు సార్లు టీ ఇస్తే రెండు సార్లూ సల్లారబెట్టీసింది. మనసులో ఏదో పెద్ద బరువే ఉన్నట్టుంది."

బరువేమిటో. ఒకటి భయం కావచ్చు, ఇరవై ఆరేళ్ల పిల్ల, ఐదుగురు పెద్దవాళ్ల ముందు మాట్లాడాలి. లేదా దాచిన మాట కావచ్చు. దాచిన మాట బరువుగానే ఉంటుంది. పోయిన శుక్రవారం కూడా మజ్జిగ పోసుకుని గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చుంది చాలాసేపు. ఇంద్రజ పుట్టినప్పుడు నాన్న చేతుల్లోకి తీసుకుని, దీని అరచెయ్యి పెద్దది, అప్పడం బాగా ఒత్తుతాది, అన్నాడు. వదిన మొహం ముడుచుకుంది. అది ఒక్క అప్పడమూ ఒత్తలేదు. సైన్సు చదివింది, అత్త చదివిన కాలేజీలోనే. బయటి ఊళ్లో పెద్ద ఉద్యోగం వస్తే వద్దని ఇక్కడే నలుగురు మనుషుల కంపెనీలో చేరింది, దేనికే అంటే, అక్కడ పెద్ద యంత్రంలో మేకునవుతాను, ఇక్కడ యంత్రం నేనే అంది. పొగరు. పుట్టింటి పొగరే. వాసవికి ఆ పొగరంటే ఇష్టం, పైకి మాత్రం ఎప్పుడూ తిట్టేది. కాకి పిల్ల కాకికి ముద్దు, ఒప్పుకుంటాం, కానీ ఈ కాకి ఆ పిల్లని నంబరుగా కూడా చదివింది, పేరు తెలియకుండా మూడు వారాలు చదివింది, ఎవరో మంచి బుర్ర అని పేరు తెలియకుండానే మెచ్చుకుంది. ఎంతమంది మేనత్తలకి ఆ అవకాశం వస్తుంది? మన పిల్ల కాబట్టి బాగుంది అనుకోవడం వేరు, బాగున్నది మన పిల్ల అని తేలడం వేరు. ఆ కవరు విప్పిన క్షణంలో, లేచి నిలబడటానికి ముందు, ఒక్క క్షణం గుండె నిండా పొంగింది నిజమే, ఆ తరవాతే ఉప్పు గుర్తొచ్చింది.

చేతిసంచిలో చిన్న నోటు పుస్తకం, పెన్ను. ఒక్క ముక్క రాస్తే చాలు. ఉప్పు గాలి గురించి అడగండి, అని రాసి మడిచి, టీ పళ్లెంలో పెట్టి లోపలికి పంపితే పూర్ణచంద్ర గారు చూస్తారు, అడుగుతారు, పిల్ల చెబుతుందో చెప్పదో తేలిపోతుంది. అది మేనకోడలికి మేలు కాదు, కీడే. కాబట్టి తప్పు కాదేమో. వాసవి పెన్ను తీసింది. మూత తీసింది. ఉ అని రాసింది కూడా. అంతలో బుర్రలో మళ్లీ బరంపురం బజారు. సొంతవాళ్లకి సరుకు తూచాలంటే నాన్న తక్కెడ పట్టుకునేవాడు కాదు, పక్క కొట్టు ఆయన్ని పిలిచి ఆయన చేతికిచ్చేవాడు. ఎక్కువ తూస్తే ఎవరైనా ఏదైనా అంటారని కాదు. ఎక్కువ తూస్తానేమోనన్న భయంతో తక్కువ తూచేవాళ్లు కూడా ఉంటారు, అదీ దొంగ తూకమే, అనేవాడు. తక్కెడ ఇచ్చేశాక కొట్టు మెట్టు మీద వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. లేచి వచ్చానని చెప్పి ఇప్పుడు పళ్లెంలో చీటీ పంపడమంటే, తక్కెడ పక్కవాడికిచ్చి కింద నుంచి వేలు ఆనించడమే. పైకి ఆనించినా కిందకి నొక్కినా వేలు వేలే. మేలు చేయకూడదన్న నియమం కీడు చేయడానికి మాత్రం సెలవివ్వదు. వాసవి ఉ ని కొట్టేసి, కాగితం చించి, నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేసింది. మసేను తెచ్చిన టీ తాగింది. అల్లం ఎక్కువ వేశాడు, గొంతు మండింది, ఆ మంట బాగానే ఉంది.

చేయగలిగిందేమీ లేదు. ఇన్నేళ్ల జీవితంలో చేయగలిగింది ఏమీ లేకుండా కూర్చున్న గంటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, పిల్లల పరీక్షల హాళ్లలో మూడేసి గంటలు కూర్చున్నా ఎవడు ఎటు చూస్తున్నాడోనని కళ్లకి పని ఉండేది. ఇక్కడ కళ్లకి మూసిన తలుపు, చెవులకి అందని మాటల గుసగుస. ఒకసారి పూర్ణచంద్ర గారి గొంతు పైకి లేచింది, ఏదో అన్నారు. తరవాత నవ్వులేవీ వినపడలేదు. మార్కులు బాగా వేసే వాళ్లు ఏదో ఒకటి నవ్వుతూ అంటారు. ఏడుస్తోందా? పొట్నూరు వాళ్లు బయటివాళ్ల ముందు ఏడవరు, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడుస్తారు. తన మొగుడు పోయినప్పుడు తనూ అంతే. మళ్లీ మాటలు. ఇందూ గొంతు. తొందరలేని గొంతు, ఒక్కొక్క మాటా దించుతున్న గొంతు. ఆ గొంతులో ఏముందో తెలియకపోయినా, అడుక్కుంటున్న గొంతు మాత్రం కాదని వాసవికి తెలిసింది. చదువు చెప్పిన మనిషికి గోడ అవతల నుంచి కూడా తెలుస్తుంది, జవాబు తెలిసి చెప్పేవాడి గొంతూ, తెలియక నీళ్లు నమిలేవాడి గొంతూ.

తలుపు తెరుచుకుంది. ముందు కార్యదర్శి వచ్చి, మేడమ్, పదిహేడు తేలిపోయింది, దరఖాస్తుదారుకి చెప్పేశాం, పద్దెనిమిదికి మీరు రావచ్చు, అని లోపలికి వెళ్లిపోయాడు. వెనక ఇంద్రజ, ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో చెప్పుల దగ్గర జారిన కుచ్చిళ్లు సర్దుకుంటూ. అత్తని చూసి ఆగింది. ఆశ్చర్యపోలేదు.

"ఖాళీ కుర్చీ ముందు పలక మీద నీ పేరు సూసేను," అంది. "నువ్వు లేచెల్లిపోయేవని అప్పుడే అరదమైపోయింది."

"ఏటైంది?"

"ఈసారికి కాదన్నారు." పెట్టెని ఇంకో చేతికి మార్చుకుంది. "ఆరు నెలల్లో మళ్లీ రాసుకుని రమ్మన్నారు."

వాసవి కుర్చీలోంచి లేచింది. "ఏటడిగేరు నిన్ను?"

"ఆళ్లేటీ అడగలేదత్తా. నేనే సెప్పేను. గంజాంలో ఒక మేడ మీద పొట్లాలు పెట్టేను ఏసంగి ఎండల్లో. కాగితాలు పంపేసరికి ఆ లెక్కలు రాలేదు, మొన్న జూలైలో ఒచ్చేయి. ఇరవయ్యోసారి ఎండబెట్టేక తేమ పట్టడం మానేసేయి. ఉప్పు. తెర మీద మొదటి బొమ్మే అది ఏసేను, పొట్లం గొప్ప సెప్పకముందే. నలుగురూ ఒకళ్ల మొహం ఒకళ్లు సూసుకున్నారు. ఆ పెద్దాయన, ఇది నువ్వు సెప్పకపోతే మాకు తెలిసేది కాదు గదా అన్నాడు. అందుకే సెప్పేనండీ అన్నాను." తలుపు వైపు ఒకసారి చూసింది. "నీ పేరు సూసి భయపడి సెప్పేననుకునీకు. బొమ్మ జూలైలోనే తయారు."

"మీ కంపెనీవాళ్లు?"

"తిడతారు. ఆ బొమ్మ తీసీమని వారం రోజుల్నుంచీ గొడవ. తిట్టనీ." అప్పుడు నవ్వింది, పొద్దుటి నుంచీ మొదటిసారేమో. "అత్తా, నువ్వు కూడా సదివే ఉంటావు గదా. ఎంతేసేవు నాకు?"

"అది చెప్పకూడదే ఇందూ."

"అవును, సెప్పకు," అంది ఇంద్రజ, పెట్టె భుజానికి ఎత్తుకుంటూ. "నేనైతే నలభై దాటనిచ్చీదాన్ని కాదు."

మెట్లు దిగి, వాన నీళ్ల గుంటలు తప్పించుకుంటూ గేటు వైపు నడిచింది, వెనక్కి తిరగలేదు. వాసవి కళ్లజోడు తీసి పైటచెంగుతో తుడుచుకుంది, తుడిచినా మసకగానే ఉంది, అప్పటికి గాని తెలియలేదు ఆ మసక అద్దానిది కాదని. ఎక్కడ లేని గర్వం, ఛాతీలో పట్టడం లేదు, ఎవరికైనా చెబుదామంటే మసేను కూడా అక్కడ లేడు. లోపలికి వెళ్లి తన పేరున్న పలక ముందు కూర్చుని, పద్దెనిమిదో నంబరు కాగితాలు విప్పి, పెన్ను మూత తీస్తూ, మా ఇంట్లో గట్టిదాన్ని నేనే అనుకున్నాను ఇన్నేళ్లూ, అనుకుంది.